మా తమ్ముడు సూరత్ నుంచి వాపస్ రావాలా? వరంగల్‌కు రాబోయే 20 ఏళ్ల కోసం మనం ఏం అడగాలి?

సంగెం వైండింగ్ షాప్

అందరికీ నమస్తే. మాది సంగెం మండలంలో ఒక ఊరు. ఎనుమాముల రోడ్డు మీద మోటర్ వైండింగ్ షాపు నడుపుతున్నా, 19 ఏళ్లయింది. చదివింది ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఈ విషయం నెల రోజులుగా మనసులో తిరుగుతోంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికతో చదవండి.

మా బాపు ఆజంజాహి మిల్లులో స్పిన్నింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. 1934లో నిజాం కాలంలో మొదలైన మిల్లు అది. నా చిన్నప్పుడు పొద్దున సైరన్ వినబడితేనే మా అవ్వ ఎసరు పెట్టేది. 2002లో మిల్లు మూతపడింది. బాపుకు వీఆర్ఎస్ (స్వచ్ఛంద విరమణ) పైసలు వచ్చాయి. అక్క పెళ్లికి, పాత అప్పులకు రెండేళ్లలోనే అయిపోయాయి. పైసలు ఎట్లయినా అయిపోయేవే, దానికి నాకు బాధ లేదు. తెగిన దారాన్ని కళ్లతో చూడకుండా వేళ్లతోనే అతికించే మనిషి మా బాపు. ఆ తర్వాత పదేళ్లు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. ఆ చేతుల్లోని పనిని ఈ ఊళ్లో ఎవరూ మళ్లీ అడగలేదు. మిల్లు జాగ ప్లాట్లయింది. మిల్స్ కాలనీ అన్న పేరు మాత్రం మిగిలింది, ఆ పేరుతో ఒక పోలీస్ స్టేషన్ ఉంది.

మా తమ్ముడు 2004లో సూరత్ పోయాడు. సాంచాల (పవర్‌లూమ్‌ల) మీద పని. మరదలు, ఇద్దరు పిల్లలు కూడా అక్కడే. చిన్నోడికి తెలుగు చదవడం రాదు. బతుకమ్మకు వస్తారు, పది రోజులుండి పోతారు. పోయేటప్పుడు రైలు కదిలేదాకా అవ్వ కిటికీ చువ్వ పట్టుకునే ఉంటుంది.

2017 అక్టోబర్ 22న శాయంపేటలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు నేను సభకు పోయాను. సూరత్, భివండి, షోలాపూర్ పోయిన మనవాళ్లు వాపస్ రావాలన్న మాట ఆ రోజు మైకులో విన్నా. ఇంటికి రాగానే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పా. అప్పటి నుంచి ప్రతి పండక్కి వాడు అడిగే మాట ఒకటే: "అన్నా, ఇక రావాలా?"

పార్కులో ఇప్పుడు షెడ్లు లేచాయి. వాడేసిన ప్లాస్టిక్ బాటిళ్లను రీసైకిల్ చేసే గణేశా వచ్చింది. కేరళ నుంచి కిటెక్స్, కొరియా నుంచి యంగ్‌వన్ వచ్చాయి. 2023లో కేంద్రం దీన్ని టెక్స్‌టైల్ పార్కుల పథకం పీఎం మిత్ర కింద కూడా తీసుకుంది. మా చుట్టుపక్కల ఆడపిల్లలు కుట్టు పనికి పోతున్నారు. నాకు నిజంగా సంతోషం. కానీ 41 ఏళ్ల వయసులో, సాంచాలు తప్ప వేరే పని తెలియని మగమనిషికి ఆ షెడ్లలో ఏం పని దొరుకుతుందో నాకు తెలియడం లేదు.

ఇంకో సంగతి. మా ఊళ్లో పెద్దలు, యూత్ వాళ్లు కూర్చుని, మా మండలానికి 20 ఏళ్లకు ఏం కావాలో ఒక కాగితం రాసి ఎమ్మెల్యేకు, కలెక్టర్‌కు ఇద్దామనుకున్నారు. రాసే పని నాకు అప్పజెప్పారు. కొందరు మామునూరు ఎయిర్‌పోర్టు తొందరగా కావాలన్నారు, కొందరు రింగురోడ్డు అన్నారు, ఎక్కువ మంది "ఇంకో నాలుగు ఫ్యాక్టరీలు" అన్నారు. నా బిడ్డ ఇంటర్ సెకండియర్. దానికి నలభై ఐదేళ్లు వచ్చేసరికి ఈ ఫ్యాక్టరీలు కూడా ఆజంజాహి మిల్లులాగే అయితే ఏంది పరిస్థితి? ఆ కాగితంలో ఏం రాయాలి? తమ్ముడికి ఏం చెప్పాలి?

పరకాల నుంచి తిరుప్పూర్

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివా. నాది పరకాల. తమిళనాడులో టీషర్టులు తయారయ్యే తిరుప్పూర్‌లో 11 ఏళ్లున్నా, మొదట చెకింగ్‌లో, తర్వాత ఆర్డర్లు చూసుకునే మర్చండైజర్‌గా. ఆ తర్వాత ఇంటికొచ్చేశా.

తిరుప్పూర్‌లో నాకు బాగా అర్థమైంది ఒకటి చెబుతా. ఒక టీషర్టు తయారు కావడానికి ఊరంతా పనిచేస్తుంది. దారం ఒకరిది. అల్లిక ఇంకో గల్లీలో. అద్దకం వేరే చోట, ప్రింటింగ్ వేరే చోట. కటింగ్, కుట్టు, చెకింగ్, ఇస్త్రీ, అట్టపెట్టె, లేబుల్, బటన్, ఆఖరికి సూదులు అమ్మేవాడు, మిషన్ రిపేరు చేసేవాడు. నేను చేసిన మొదటి కంపెనీ మూడేళ్లకు మూతపడింది. నాలుగో రోజు పక్క వీధిలో పనికి చేరాను. ఓనర్ కూడా ఏడాదికి చిన్న యూనిట్ పెట్టుకున్నాడు. మీ బాపుకు ఆ పక్క వీధి లేదు. వరంగల్‌లో మిల్లు ఒక్కటే ఉండె, దాని చుట్టూ ఇంకో పది మంది అదే పని చేసేవాళ్లు తయారు కాలేదు.

ఇప్పుడు మన పత్తి సంగతి చూడండి. క్వింటాల్ పత్తి జిన్నింగ్‌కు (గింజ వేరు చేయడానికి) వేస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది, మిగిలింది గింజ. 170 కిలోల దూదిని నొక్కితే ఒక బేలు. అంటే ఐదు క్వింటాళ్ల పత్తి ఒక బేలు. మన జిల్లాలో పని ఎక్కువగా అక్కడితో ఆగిపోతుంది. బేళ్లు లారీ ఎక్కి కోయంబత్తూరు వైపు పోతాయి. దారంగా, బట్టగా, అంగీగా మారే ప్రతి మెట్టు మీద కూలి, లాభం అక్కడి వాళ్లకే. పార్కులోకి వచ్చిన వాటిలో ఒకటి బాటిళ్లతో చేస్తుంది, ఇంకొకటి చలికి, వానకు, ఆటలకు వేసుకునే బట్టలు కుడుతుంది. వాటిలో ఎక్కువ సింథటిక్ బట్టే. తప్పు లేదు, పని వస్తోంది. కానీ మన చేనుకు, పార్కుకు నడుమ దారం మిల్లు, నేత, అల్లిక షెడ్లు ఉండాలి. కాగితంలో అది రాయండి. పెద్ద కంపెనీకి వందెకరాలు ఇచ్చేటప్పుడు పక్కనే చిన్నవాళ్లకు అద్దె షెడ్లు కట్టమనండి. కరెంటు, నీళ్లు, షెడ్డు రెడీగా ఉండి, నాలుగు మిషన్లతో మొదలుపెట్టగలిగేలా ఉండాలి.

ఇంకొకటి మర్చిపోవద్దు, ఇది నేను కళ్లారా చూసింది. అద్దకం నీళ్లు. కిలో బట్ట అద్దడానికి పదుల లీటర్ల నీళ్లు కావాలి, ఆ నీళ్లు రంగుతో, ఉప్పుతో బయటికి వస్తాయి. తిరుప్పూర్‌లో నొయ్యల్ నది అట్లా పాడైంది. కింద రైతుల పొలాలు పోయాయి. 2011లో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూయమంది. నేను అప్పుడే కొత్తగా చేరా. ఊరు ఊరంతా టెన్షన్‌లో పడింది. తర్వాత చుక్క నీరు కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్లీ వాడుకునే ప్లాంట్లు పెట్టుకుని తేరుకున్నారు, దానికి అయిన ఖర్చు మామూలుది కాదు. మన దగ్గర అద్దకం వచ్చే ముందే శుద్ధి ప్లాంటు నడవాలి. కింది చెరువుల నీళ్లు ప్రతి మూడు నెలలకు పరీక్ష చేసి పంచాయతీ బోర్డు మీద రాయాలని అడగండి.

సంగెం వైండింగ్ షాప్

తమ్మీ, "మీ బాపుకు ఆ పక్క వీధి లేదు" అన్నావు చూడు, అది చదివి షాపులో కాసేపు పని ఆపేసి కూర్చున్నా. నిజమే. నా షాపుకు వచ్చే మోటర్లు కూడా బోరు మోటర్లు, పిండిగిర్నీవి, జిన్నింగ్‌వి. పార్కు నుంచి ఇప్పటిదాకా ఒక్కటి కూడా రాలేదు. మోటర్ కాలితే హైదరాబాద్‌కో, కంపెనీకో పంపుతారట. నాకు ఆ మోటర్లు చేయడం రాదని కాదు, నేనున్నానని వాళ్లకు తెలియదు. వాళ్ల లెక్కలకు జీఎస్టీ బిల్లు, టెస్ట్ రిపోర్టు కావాలి, నా దగ్గర టెస్టింగ్ ప్యానెల్ లేదు. ఇది నేను సరిచేసుకోవాల్సిన పని.

కుట్టుమిషన్ నర్సంపేట

అన్నా నమస్తే. నేను ఒక గార్మెంట్ షెడ్డులో ఆపరేటర్‌ను. కంపెనీ పేరు రాయను. పని ఇష్టమే నాకు. మొదటి జీతంతో మా అమ్మకు చెవుల కమ్మలు విడిపించా. ఆ రోజు నేను మర్చిపోను.

మీ కాగితంలో ఆడపిల్లల సంగతి రాస్తారని నేను రాస్తున్నా. పొద్దున 5 గంటల 10 నిమిషాలకు ఇంట్లోంచి బయలుదేరుతా. బస్సు తప్పితే ఆ రోజు జీతం పోయినట్లే. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక నెలకు చాలా మిగులుతోంది, అది మంచిగైంది. కానీ బస్సు మా షిఫ్టు టైముకు లేదు. ఓవర్‌టైమ్ ఉన్న రోజు ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మా ఊరి రోడ్డు దిగాక కిలోమీటరున్నర చీకట్లో నడవాలి. మా నాన్న టార్చిలైటు పట్టుకుని ఎదురొస్తాడు. నాన్న లేని పిల్లలు ఏం చేస్తారు? నాతో చేరిన 40 మందిలో ఆరు నెలల్లో 11 మంది మానేశారు. ఒక్కరు కూడా కుట్టు కష్టమని మానలేదు. ఇద్దరికి పెళ్లయింది. నలుగురికి చిన్న పిల్లలు, చూసేవాళ్లు లేరు. మిగతావాళ్లవి దారి ఇబ్బందులే.

పేపర్లో "ఇన్ని వేల ఉద్యోగాలు" అని చదువుతాం. ఉద్యోగం దాకా పోయే బస్సు, వీధి లైటు, పిల్లల్ని పెట్టే జాగ, ఉండటానికి మంచి హాస్టల్ కూడా ఆ లెక్కలోకి రావాలి అన్నా. అవి లేకుంటే ఉద్యోగం ఉన్నా మాది కాదు.

ఇంకొకటి. రెండేళ్లుగా నేను మెడ పట్టీ ఒక్కటే కుడుతున్నా. మొత్తం డ్రెస్సు కుట్టడం నాకు రాదు. సూపర్‌వైజర్లు అందరూ బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లు మంచివాళ్లే, నేర్పిస్తారు కూడా. కానీ ఇరవై ఏళ్ల తర్వాత కూడా మేం మెడ పట్టీ దగ్గరే ఉండొద్దు కదా. ఆదివారాలు నేర్చుకోవడానికి సెంటరు ఉంటే నేను పోతా. కటింగ్, ప్యాటర్న్, మిషన్ మెకానిక్ ఏదైనా సరే. ఆడవాళ్లకు మిషన్ రిపేరు ఎందుకు నేర్పరో నాకు అర్థం కాదు.

సిరిసిల్ల సాంచా

మీ తమ్ముడు రాకముందు మా ఊరికి ఒకసారి వచ్చి చూసి పొమ్మనండి. మేం ఆసాములం, అంటే సొంత సాంచాలు నడుపుకునేవాళ్లం, 8 సాంచాలు. 2017 నుంచి సర్కారు ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లతో బతికాం, అబద్ధం చెప్పను, ఆ సీజన్లలో నేతకు ముందు దారాలు సిద్ధం చేసే వైపని వాళ్లకు, వార్పింగ్ వాళ్లకు కూడా చేతినిండా పని ఉండేది. కానీ కొనేవాడు ఒక్కడే అయితే వాడి చెయ్యి ఆగిన రోజు మన సాంచా ఆగుతుంది. ఆర్డర్ లేని నెలల్లో దారం చుట్టిన బీములు అట్లనే ఎక్కించి పెట్టుకుని కూర్చున్నాం. ఎవరిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ మంచి రోజుల్లోనే మేం కొత్త డిజైన్లకు, మంచి మగ్గాలకు మారాల్సింది. మారలేదు. మీ కాగితంలో ఇది రాయండి: సర్కారు ఆర్డర్ ఇచ్చే రోజుల్లోనే బయటి మార్కెట్‌కు తయారు చేయాలి.

దుగ్గొండి మిర్చి

అన్నలారా, అందరూ గుడ్డ గురించే రాస్తున్నారు. పార్కు మంచిదే. కానీ వరంగల్ అంటే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ కూడా. మార్చిలో వచ్చి చూడండి, గేటు బయట దాకా ట్రాక్టర్లు. మా చపాటా మిర్చికి 2025లో జీఐ ట్యాగ్ (ఈ ప్రాంతపు పంట అన్న గుర్తింపు) వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, అందుకే టమాటా మిర్చి అంటాం. రంగు తీసే కంపెనీలకు ఇది బాగా పనికొస్తుంది. ఆ రంగు, నూనె తీసే పని మన దగ్గర కంటే కేరళలో ఎక్కువ. మేం మాత్రం కాయ ఎండబెట్టి, బస్తా తొక్కి, అడ్తిదారు చెప్పిన రేటు విని ఇంటికొస్తాం. రేటు లేకుంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి కిరాయి కట్టుకుంటాం.

ఒక ఫ్యాక్టరీ పోయినా ఇంకొకటి వస్తుంది. భూమి, పంట ఎక్కడికీ పోవు. మిర్చిని రకం ప్రకారం వేరు చేసి, తేమ చూసి, రంగు కొలిచి రైతుకు కాగితం ఇచ్చే ల్యాబు మార్కెట్‌లోనే ఉండాలని రాయండి. రంగు ఎంతుందో చేతిలో కాగితం ఉంటే రేటు మేం అడుగుతాం.

రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్, హన్మకొండ

తమ్మీ, నేను 34 ఏళ్లు మ్యాపులు గీసినవాణ్ని. పైన రాసినవన్నీ మంచి మాటలు. పిల్లలు ఇంత వివరంగా రాస్తుంటే చదవడానికి సంతోషమైంది. నేను జాగ గురించి మాత్రమే చెబుతా, నాకు తెలిసింది అదే.

ఆజంజాహి మిల్లు గురించి రాశావు. దాని పక్కన రామగుండం పెట్టి చూడు. అక్కడి ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. టౌన్‌షిప్ బోసిపోయింది. కానీ జాగ అట్లాగే ఉంది. నీళ్ల లైను, రైలు పట్టా, బొగ్గు, కరెంటు అన్నీ చుట్టూనే ఉన్నాయి. 2021లో గ్యాసుతో నడిచే కొత్త ప్లాంటులో అక్కడే యూరియా తయారీ మొదలైంది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ నడిచింది. ఇరవై ఏళ్లయినా, నాలుగేళ్లయినా, పని వాపస్ రావడానికి అక్కడ చోటు ఉంది. వరంగల్‌లో మిల్లు జాగ ముక్కలైంది. రేపు ఎవరైనా వచ్చి దారం మిల్లు పెడతానన్నా ఊరి నడుమ, రైల్వే స్టేషన్ దగ్గర అలాంటి జాగ మళ్లీ దొరకదు. నీ కాగితంలో మొట్టమొదట ఇది రాయి: పరిశ్రమకు ఇచ్చిన భూమి పరిశ్రమకే ఉండాలి. కంపెనీ పోతే ఆ భూమి ఇంకో కంపెనీకి పోవాలి, ప్లాట్లు కావద్దు. రైతు తన చేను ఇచ్చింది పిల్లల పని కోసమని ఇచ్చాడు.

మన ఊళ్లో భూమి రేటు పెరిగితే అభివృద్ధి అయిందని సంబరపడతాం. గజం రేటు పెరిగిన చోట నీ వైండింగ్ షాపు బతకదు, లేత్ మిషన్ వాడు బతకడు. తిరుప్పూర్ తమ్ముడు చెప్పిన ఆ "పక్క వీధి" కావాలంటే చిన్న పనివాళ్లకు అగ్గువ కిరాయికి జాగ ప్లాన్‌లోనే గీసి పెట్టాలి. వరంగల్ 1971 నాటి మాస్టర్ ప్లాన్ మీద దశాబ్దాలు నడిచింది. 2041 ప్లాన్‌కు ఆమోదం వచ్చింది 2024లో. ఈ నడుమ ఊరు ఎవరి కోసమూ ఆగలేదు. చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి) మీదికి, నాలాల మీదికి పెరిగింది. 2023 జులైలో ఆ నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి, భద్రకాళి చెరువు కట్ట తెగింది. మా గల్లీలో ఫ్రిజ్‌లు తేలాయి. కాకతీయులు ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండేలా కట్టారు. ఆ గొలుసును గీత గీసి కాపాడటం ఏ రింగురోడ్డుకైనా ముందు జరగాలి.

రైతులతో మాట్లాడకుండా గీసిన గీత కూడా నిలబడదు. 2022లో రింగురోడ్డు చుట్టూ రైతుల భూములు కలిపి తీసుకునే ల్యాండ్ పూలింగ్ అన్నప్పుడు ఊళ్లు ఊళ్లు రోడ్డెక్కాయి, ఆఖరికి వెనక్కి తీసుకున్నారు.

ఎయిర్‌పోర్టు గురించి అడిగావు. మామునూరులో 1981 దాకా విమానాలు దిగాయి, 2025లో మళ్లీ కేంద్రం అనుమతి ఇచ్చింది. రావాలి, నేనూ కోరుకుంటున్నా. బయటి కొనుగోలుదారు పొద్దున వచ్చి సాయంత్రం పోవడానికి ఉపయోగం. కానీ అది నీ కాగితంలో లేకున్నా అడిగేవాళ్లు చాలా మంది ఉన్నారు. కాజీపేటకు రావాల్సిన రైలు కోచ్ ఫ్యాక్టరీ 1980ల్లో పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2023లో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగేదాకా ఒక తరం ఎదురుచూపుల్లోనే గడిచింది. ఎదురుచూస్తూనే మన చేతిలో ఉన్నవి చేసుకోవాలి. నర్సంపేట బిడ్డ అడిగిన బస్సు, వీధి లైటు రేపు పొద్దున చేయగలిగినవి.

సంగెం వైండింగ్ షాప్

అందరికీ చేతులెత్తి దండం. ఇన్ని వస్తాయని అనుకోలేదు. సార్, రామగుండం మాట నాకు తట్టలేదు. జాగ నిలబడితే పని వాపస్ వస్తుందన్నది మొదటి పేజీలోనే రాస్తా, పరిశ్రమ భూమి పరిశ్రమకే అని. నీళ్ల పరీక్ష, చిన్న షెడ్లు, మిర్చి ల్యాబు దాని తర్వాత వస్తాయి. నర్సంపేట చెల్లె రాసినవి వేరే కాగితంగా రాసి డిపో మేనేజర్‌కు ఈ వారమే నేనే స్వయంగా తీసుకుపోతా. అది 20 ఏళ్లు ఆగే పని కాదు. మా బిడ్డకు కూడా నీ పోస్టు చదివి వినిపించా చెల్లె. "మిషన్ మెకానిక్ ఆడవాళ్లు నేర్చుకోవచ్చా బాపూ" అని అడిగింది. షాపులో నా పక్కన స్టూలు వేశా. పరీక్షలయ్యాక రమ్మన్నా.

తమ్ముడితో నిన్న రాత్రి గంట సేపు మాట్లాడా. ఇప్పుడే సామాను సర్దుకుని రావొద్దని చెప్పా. వాడు సాంచా నడపడమే కాదు, విప్పి బిగిస్తాడు కూడా. బతుకమ్మకు వచ్చినప్పుడు నెల ఎక్కువ ఉండి, పార్కులో, సిరిసిల్లలో మిషన్ల మెయింటెనెన్స్ పని ఎట్లుందో ఇద్దరం తిరిగి చూస్తాం. నేను టెస్టింగ్ ప్యానెల్ కోసం లోన్ అడుగుతున్నా. వాడు మిషన్, నేను మోటర్ చూసుకుంటే ఒక షెడ్డు కిరాయి వెళ్లదీయగలమేమో. వాడు వెంటనే ఏం అనలేదు. కాసేపటికి, "చిన్నోడికి తెలుగు అక్షరాలు నేర్పే పుస్తకం పంపు అన్నా" అన్నాడు.

చెల్లె, మీ షిఫ్టు టైములు, ఏయే ఊళ్ల నుంచి ఎంతమంది వస్తారో రాసి పెట్టు. సోమవారం పొద్దున డిపోకు పోతున్నా.